నత్రజని కరువులో కొండగిత్తల విత్తనం

ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే పశువుల ల్యాబ్‌లో టెక్నీషియన్‌నని చెప్పి ఊరుకుంటాను. ఇంకాస్త వివరం అడిగితే పెళ్లి భోజనాల దగ్గరా, ఆదివారం చర్చి మెట్ల మీదా చెప్పడానికి ఇబ్బందిగా ఉండే పని నాది. ఆబోతుల నుంచి తీసిన వీర్యాన్ని సన్నని ప్లాస్టిక్ గొట్టాల్లో నింపి, ద్రవ నత్రజనిలో ముంచి ఉంచుతాం. అందులో మునిగి ఉన్నంత కాలం ఎన్నేళ్లయినా అది చెడిపోదు. పైకి తీస్తే మాత్రం క్షణాల్లో పోతుంది. ఆ గొట్టాలను మేం స్ట్రాలంటాం. పల్లెల్లో రైతులు విత్తనం అంటారు. నాకు వాళ్ల మాటే నచ్చుతుంది.

మా నిల్వలో ఎక్కువ భాగం జెర్సీ ఆవు, ముర్రా గేదె జాతులవి. రైతులు అడిగేవి అవే. ఒక మూల డబ్బాలో మాత్రం కొండగిత్తల విత్తనం ఉండేది. పాడేరు దాటి పైకి వెళ్తే కనిపించే చిన్న పశువులవి. పొట్టి కొమ్ములు, గట్టి గిట్టలు. రాళ్ల చెలకల్లో నాగలి లాగుతాయి, ఎండాకాలం ఎండుగడ్డి తిని నిలబడతాయి. ఆవు పాలు మాత్రం చెంబు నిండితే గొప్ప. అందుకే ఒక్కో ఊరూ వాటిని వదిలేసుకుంటూ వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా డాక్టరుగారితో కలిసి ఊరూరా తిరిగి, మిగిలిన నాలుగైదు మంచి గిత్తలను కిందికి తెచ్చి విత్తనం తీశాం. తర్వాత వాటిని వాటి ఊళ్లకు పంపేశాం. ముసలివై ఒకదాని తర్వాత ఒకటి పోయాయని కబురు వస్తూ ఉండేది.

ఆ డబ్బా విలువ నాకు తెలిసింది ఢిల్లీలో జరిగిన ఒక శిక్షణలో. పశుజాతులు కనుమరుగు కాకుండా చూడాలని ప్రపంచ దేశాలు కలిసి ఒక ఒప్పందానికి వచ్చాయనీ, దాని ప్రకారం ప్రతి దేశమూ తన జాతులను లెక్కకట్టి, రైతుల దగ్గర బతికించుకుంటూ, విత్తనాన్నీ దాచుకోవాలనీ అక్కడ చెప్పారు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక శాస్త్రవేత్త మాకు రెండు రోజులు పాఠం చెప్పింది. దాచిన విత్తనం ఎప్పుడూ ఒకేచోట ఉండకూడదు, రెండో భాగం ఇంకో ఊళ్లో ఉండాలి అంది. అడిగేవాళ్లు లేని విత్తనం కోసమే ఈ నిల్వలు పెట్టేది, అడిగేవాటిని ఎవరైనా దాస్తారు అని కూడా అంది. తిరిగొచ్చి రెండో భాగం గురించి పైవాళ్లను అడిగాను. చూద్దామన్నారు. ఏటా అడిగాను. ఏటా చూద్దామన్నారు.

కరోనా రెండో విడత వచ్చిన వేసవిలో నత్రజని ఆగిపోయింది.

గాలిని చల్లబరచి ద్రవంగా మార్చే ప్లాంట్ల నుంచే మాకు నత్రజని వస్తుంది. ఆక్సిజనూ అక్కడిదే. ఆస్పత్రులు ఆక్సిజన్ కోసం అల్లాడుతుంటే ప్లాంట్లన్నీ తమ శక్తినంతా దానికే మళ్లించాయి. నత్రజని మోసే ట్యాంకర్లను కూడా కడిగి ఆక్సిజన్‌కు వాడారు. మాకు సరుకు వచ్చేది గాజువాక దాటాక ఉన్న ఒక ప్లాంటు నుంచి. మా అన్నయ్య అందులోనే ఆపరేటర్. వారం దాటినా బండి రాకపోయేసరికి అతనికి ఫోన్ చేశాను.

"మా కాడ నత్రజని నేదమ్మా. ఇరవై నాలుగ్గంటలూ ఆక్సిజనే తీత్తన్నాం. నువ్వు అడిగితే కొంచెం పక్కకి తీసి ఇచ్చీగలను. అడగకు."

అడగనన్నాను. మా కంచరపాలెం వీధిలో నాలుగిళ్ల అవతల ఉండే టైలరు అంతకు ముందు రోజే ఆస్పత్రి వరండాలో సిలిండర్ దొరక్క పోయాడు. మా పిల్లలకు బడి బట్టలు కుట్టిన మనిషి. ఆ గాలిలో నాకు వాటా కావాలని ఏ నోటితో అడుగుతాను? ఆ ప్లాంటు నుంచి ఒక్క చుక్క కూడా తీసుకోకూడదని అప్పుడే తీర్మానించుకున్నాను. అలాగని గిత్తల విత్తనాన్ని వదిలేయదలచుకోలేదు. ఇప్పటికే జనం చేతిలో ఉన్న నత్రజనితోనే దాన్ని దాటించాలి.

మా డబ్బాల్లో ఎంత మిగిలిందో చూడటానికి చెక్క కొలబద్ద ఒకటి ఉంటుంది. దాన్ని అడుగుదాకా ముంచి తీసి గాలిలో ఆడిస్తే, నత్రజని ఉన్నంత మేరా తెల్లగా మంచు పడుతుంది. ఆ తెలుపు రోజురోజుకీ కిందికి దిగుతోంది. పెందుర్తి, ఆనందపురం లాంటి చోట్ల ఉప కేంద్రాల్లో చిన్న డబ్బాలున్నాయి. వాటన్నిట్లో తలా కాస్త మిగిలే ఉంటుంది. అంతా తెచ్చి ఒక్క పెద్ద డబ్బాలో పోస్తే వర్షాలు పడేదాకా లాగొచ్చు. కానీ అలా చేస్తే ఆ చిన్న డబ్బాల్లోని జెర్సీ స్ట్రాలు చచ్చిపోతాయి.

మా డాక్టరుగారు అప్పుడు కరోనాతో మధురవాడలోని తన ఫ్లాట్‌లో ఒక గదిలో ఉన్నారు. దగ్గుతూనే ఫోన్లో అంతా విన్నారు. ఆయనకు కోపం వచ్చింది. రైతులకు రేపు పనికొచ్చేవి ఆ జెర్సీ స్ట్రాలేననీ, వాటిని చేతులారా పాడుచేశామంటే పైవాళ్లకు సమాధానం చెప్పుకోలేమనీ అన్నారు.

"ఇన్నేళ్లలో కొండగిత్త స్ట్రా కావాలని ఒక్కడైనా వచ్చాడా అమ్మా?" అని అడిగారు.

"రాలేదు సార్. జెర్సీ పోతే మళ్లీ తెప్పించుకోవచ్చు, ఇచ్చే ఆబోతులు ఇంకా ఉన్నాయి. ఇవి పోతే ఎవర్ని అడుగుతాం? గిత్తలే లేవు కదా సార్."

ఎన్ని స్ట్రాలున్నాయో లెక్క అడిగి తెలుసుకున్నారు. చివరికి, నిర్ణయం తనదేనని మెసేజ్ పెడతాననీ, రేపు ఏదైనా మాట వస్తే తానే పడతాననీ చెప్పారు. పెట్టారు కూడా. మనిషి బతుకుతాడో లేదో తెలియని రోజుల్లో ఆయన ఆ మాట అన్నందుకు నేనెప్పటికీ ఆయన పక్షమే.

మర్నాడు మా వ్యాన్ డ్రైవరూ నేనూ బండికి కర్ఫ్యూ పాసు అతికించుకుని బయల్దేరాం. పెందుర్తిలో ఎదకొచ్చిన పశువులకు ఈ విత్తనం సూదులు వేసే కుర్రాడు డబ్బా ఇవ్వనన్నాడు. కర్ఫ్యూలో కూడా గేదెలు ఎదకు వస్తాయని, తనని నమ్ముకున్న రైతులకు ఏం చెప్పాలని అడిగాడు. అతని మాటలో తప్పులేదు. ఆ వారం అవసరమైన విత్తనాన్ని ఒక చిన్న డబ్బాలో అతనికి వదిలి, మిగతా నత్రజని తీసుకున్నాం. మిగిలిన చోట్ల అంత వాదన లేకుండానే ఇచ్చారు. కొందరికి ఇంట్లో జ్వరాలు. ఎవరూ మాస్కు దించి మాట్లాడలేదు.

ల్యాబ్‌కు వచ్చాక అసలు పని. ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాకు స్ట్రాలు మార్చేటప్పుడు పైకి తీసి లోపలికి దించే వ్యవధి రెప్పపాటే ఉండాలి. పొడవాటి పట్టకారుతో ఒక్కో కట్టనూ మార్చాను. నత్రజని చింది మణికట్టు మీద కాలింది. చలి కాల్చడం నిప్పు కాల్చినట్టే ఉంటుంది. కట్టు కట్టుకుని మిగతాది పూర్తి చేశాను.

జెర్సీ స్ట్రాలను బయటికి తీసి ట్రేలో పోసినప్పుడు డ్రైవర్ తల పక్కకు తిప్పుకున్నాడు. అతనికి పెందుర్తి దగ్గరే రెండు ఆవులున్నాయి.

అంతా సాఫీగా జరగలేదు. మూడో వారంలో ఒక పొద్దున్నే వెళ్లేసరికి రెండో డబ్బా మెడ చుట్టూ మంచు కట్టి ఉంది. అలా పైన మంచు కట్టిందంటే, చలిని లోపలే పట్టి ఉంచే రెండు గోడల మధ్య శూన్యం పోయినట్టే. లోపల చుక్క లేదు. పెద్ద డబ్బాలో చోటు చాలక ఒక గిత్త విత్తనం సగం అందులో పెట్టి ఉంచాను. ఆ గిత్తను అరకు వైపు ఒక ఊరి నుంచి తెచ్చాం. కొండ దారి మెట్ల మీదుగా దాన్ని కిందికి దించడానికి దాని యజమాని ముందు నడుస్తూ ఏదో పాట పాడాడు. ఆ సగం పోయింది. బల్ల మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చాను. తర్వాత లేచి పెద్ద డబ్బా కొలత చూశాను. తెలుపు సగం కంటే పైనే ఉంది.

వానలు పడ్డాక బండ్లు మళ్లీ రావడం మొదలైంది. డాక్టరుగారు బక్కచిక్కి ఆఫీసుకొచ్చారు. ఒక కొండగిత్త స్ట్రాను గోరువెచ్చని నీళ్లలో కరిగించి చుక్క అద్దం మీద వేశాను. మైక్రోస్కోపులో ఆయన ముందు చూశారు. లేచి నాకు చోటిచ్చారు. కణాలు ఈదుతున్నాయి.

ఆ ఏడాది రెండో భాగం కోసం నేను ఎప్పటిలా అడిగి ఊరుకోలేదు. పోయిన సగం గురించి, దానికి కారణమైన డబ్బా గురించి, ఇంకో ఊళ్లో ఒక భాగం ఉండి ఉంటే ఏమయ్యేదో పైవాళ్ల సమావేశంలో నిలబడి చెప్పాను. ఢిల్లీలో నేర్పిన నియమాన్నీ చెప్పాను. ఒకాయన మళ్లీ చూద్దామన్నారు. ఏ తేదీన చూద్దామో ఇప్పుడే చెప్పమన్నాను. డాక్టరుగారు గొంతు సవరించుకుని, ఈ అమ్మాయి అడిగింది రాసుకోండి అన్నారు. చలికాలంలో సగం విత్తనాన్ని నేనే బండిలో తీసుకెళ్లి పక్క రాష్ట్రంలోని ఒక పెద్ద నిల్వలో అప్పగించి వచ్చాను.

డబ్బాల్లో దాచితే జాతి బతికినట్టు కాదు. అది కూడా ఆ శిక్షణలోనే విన్నాను. అందుకే గిత్తలిచ్చిన ఊళ్లకు మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాం. పాట పాడిన ఆయన ముసలివాడయ్యాడు. ఇంటి ముందు ట్రాక్టర్ బాడుగ బోర్డు ఉంది, పెరట్లో మాత్రం మూడు కొండ ఆవులే. కరోనా వేసవిలో తన గిత్త విత్తనం సగం పోయిందని ఆయనకు చెప్పాను. ఆయన ఆవులకు గడ్డి వేస్తూనే విన్నాడు.

"మిగతాది ఉన్నాది కదమ్మా. డబ్బా మీ కాడే ఉండనీ. నాకైతే గిత్త కావాల. మీ సూది మనిషి కొండెక్కీసరికి ఆవుకి ఎద తగ్గిపోతాది."

"సూదితోనే గిత్తని పుట్టిద్దాం బాబాయ్. పుట్టినాక సూదితో పని నేదు. నానే వొత్తాను."

అప్పటినుంచీ చిన్న డబ్బా ఒడిలో పెట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కుతున్నాను. ఎద కబురు ఫోన్లో వస్తుంది. సిగ్నల్ లేని రోజు రాదు. రెండుసార్లు వెళ్లేసరికి ఆలస్యమైంది. మూడోసారి సూది నిలిచి ఆవు చూడి కట్టింది. ఈనిన రోజు ఆయన మనవరాలు వీడియో పంపింది. తడి ఒళ్లు ఆరకుండానే దూడ లేచి నిలబడింది. పెయ్యదూడ. మేం ఆశపడింది కోడెదూడ కోసం. ఆయనకు ఫోన్ చేస్తే నవ్వాడు. పెయ్య అయితే ఏటి, రేపది కూడా ఈనుతాది కదా అన్నాడు.

మొన్న ఇంకో ఆవు ఎదకు వచ్చిందని కబురొస్తే వెళ్లి సూది వేసి వచ్చాను. నిలిచిందో లేదో వచ్చే నెల తెలుస్తుంది. నిలవకపోతే మళ్లీ వెళ్తాను. కోడెదూడ పుట్టేదాకా వెళ్తాను. పుట్టాక దాని పెయ్యలతో దానికే వావివరసల చిక్కు రాకుండా వేరే రక్తం గిత్త ఇంకోటి కావాలి కాబట్టి, వాళ్ల ఆవుకు ఇంకో గిత్త విత్తనం వేయనివ్వమని పక్క ఊళ్లో ఒక ఇంటివాళ్లతో ఇప్పటినుంచే మాట్లాడుతున్నాను. వాళ్లింకా ఒప్పుకోలేదు.