ఆఖరి చుక్క దాటిన గీత

మా లెక్కల మాస్టారు పోయారని అమలాపురం నుంచి వాళ్ళ అమ్మాయి ఫోన్ చేసింది. విషయం చెప్పి పెట్టేసింది.

తొంభైల్లో, ఐ.పోలవరం దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆయన మాకు తొమ్మిదో తరగతి లెక్కలు చెప్పారు. పిల్లల్ని కూడా 'మీరు' అనేవారు. గ్రాఫు కాగితం మీద బిందువు పెట్టమంటే మేం రెండంకెల్నీ తారుమారు చేసేవాళ్ళం. "ముందు అడ్డంగా నడవండి, తర్వాత పైకెక్కండి. తిరగేశారంటే పక్కింట్లో తేలతారు" అనేవారు.

ఆ ఏడాది తుపాను పట్టింది. రేడియోలో చెప్పిన అక్షాంశాలు, రేఖాంశాలు మాస్టారు రాసుకొచ్చి బోర్డు మీద గళ్ళు గీశారు. ఒక్కొక్కళ్ళం వెళ్ళి తుపాను ఉన్నచోట చుక్క పెట్టాం. కలిపితే గీత ఉత్తరానికి వంగుతోంది. మాస్టారు స్కేలు ఆనించి ఆఖరి చుక్క దాటి కూడా గీత సాగదీశారు. అది కాకినాడకి పైన ఒడ్డెక్కింది.

"మనకి తగలదండీ" అన్నారు. మేం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రేడియో మాత్రం కోస్తా అంతా జాగ్రత్తగా ఉండమంటూనే ఉంది. గోదావరి పాయ ఒడ్డున తాటాకింట్లో ఒక్కరే ఉండే మా పిన్నిగారు బడి దగ్గరికొచ్చి అడిగారు.

"అందరూ డాబాల్లోకి పోతన్నారండీ. నన్నూ వెళ్ళమంటారా మాస్టారూ?"

"అక్కర్లేదమ్మా, ఇంట్లోనే ఉండండి."

సాయంత్రానికి తుపాను పడమటికి తిరిగి మా మీదికే వచ్చింది. ఇల్లు కూలి దూలం పిన్నిగారి కాలి మీద పడింది. ప్రాణం దక్కింది గానీ ఆ కాలు మళ్ళీ తిన్నగా ఆనలేదు.

ఊళ్ళోకొచ్చిన నీళ్ళు తీశాక, మా ఇంట్లో ఉన్న పిన్నిగారిని చూడ్డానికి మాస్టారు వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"నేను చెప్పబట్టే ఇలా అయిందమ్మా."

"మీరేం చేసేరండీ? గాలి మీ మాట వింటదేంటి?"

"గాలి వినదమ్మా. మీరు విన్నారు."

పిన్నిగారు కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఆయన మొహంలోకి చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

బడి తెరిచాక మాతో అన్నారు: "చుక్కలు ఎంతవరకుంటే మనకి తెలిసింది అంతవరకే. ఆ పైన తెలీదని చెప్పాల్సింది. మీ ముందు ఆ మాట అనడానికి నామోషీ పడ్డాను."

తర్వాత కూడా గ్రాఫులు చెప్పారు, అంతే ఓపిగ్గా. పిన్నిగారు ఎదురైతే మాత్రం సైకిల్ దిగి, ఆవిడ దాటేదాకా నిలబడేవారు.

రెండువేలు దాటాక మళ్ళీ ఓసారి వాయుగుండం అన్నారు. మాస్టారు పాయ ఒడ్డునున్న ఇంటింటికీ తిరిగి జనాన్ని బడికి తీసుకొచ్చారు. "వస్తదంటారా?" అనడిగితే "నాకు తెలీదండీ, రండి" అన్నారు. ఆ వాయుగుండం ఒడిశా వైపు వెళ్ళిపోయింది. తెల్లారి ఎండ కాస్తుంటే జనం విసుక్కుంటూ మూటలూ కోళ్ళగంపలూ ఎత్తుకుని బయల్దేరారు.

"ఊరికే తిప్పలు పెట్టేరు కదండీ మాస్టారూ!"

"ఆయ్, తప్పేనండీ" అంటూ ఆయన గేటు దగ్గర నిలబడ్డారు. ఒక్కొక్కళ్ళ విసుగూ వింటూ, వాళ్ళ మూటలకి తగలకుండా గేటు రెక్క పట్టుకుని, ఆఖరి మనిషి వెళ్ళేదాకా.