తోలి చూడని బండి

నిన్న పొద్దున బొంగులూరు దగ్గర సిగ్నల్‌కు ఆగినప్పుడు పక్క నుంచి ఒక పాత వ్యాను మూలుగుతూ వెళ్లింది. గేర్‌బాక్స్ అరిగిన బండి మూలుగు అది. ఇంజను చప్పుడుకు అడుగున సన్నగా, పంటి నొప్పిలా సాగుతుంది. నా బండి వెనక సీట్లలో ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటూనే ఉన్నారు. నా చేతులు మాత్రం స్టీరింగు మీద బిగుసుకుపోయాయి. నర్సింహన్న పోయి ఏడాది దాటింది. అయినా ఆ చప్పుడు వింటే ఆయన ముఖమే కళ్ల ముందుకొస్తుంది.

ఇబ్రహీంపట్నంలో మా వీధి చివరి ఇల్లు ఆయనది. చాలాకాలం స్కూలు బస్సు నడిపి, ఆ పని మానేసి, పాత వ్యాన్లు కొని అమ్మే వ్యాపారం పెట్టాడు. మా ఆయన కడుతున్న బిల్డింగు మీద నుంచి పడి, నడుము విరిగి మంచాన పడ్డాక, ఏం చేసి బతకాలో తెలియని రోజుల్లో "డ్రైవింగ్ నేర్సుకో సుజాతా" అన్న మనిషి ఆయన ఒక్కడే. మిగతా వీధంతా నవ్వింది. రోడ్లు వేసి, రాళ్లు పాతి, ఇంకా ఒక్క ఇల్లూ కట్టని వెంచర్లలోకి తీసుకెళ్లి నేర్పేవాడు. "భయమెందుకు? గోడ లేదు, మనిషి లేడు. గుద్దితే హద్దురాయిని గుద్దుతవ్, గంతే" అనేవాడు. నేను నిజంగానే ఒక హద్దురాయిని గుద్దాను. సొట్టపోయిన బంపరు చూసి నవ్వాడే తప్ప ఒక్క మాట అనలేదు. ఆ ఏడాది నుంచే ఆయనకు రాఖీ కట్టడం మొదలుపెట్టాను.

బండ్లు కొనడానికి తుక్కుగూడకో పెద్ద అంబర్‌పేటకో పోతే నన్నూ వెంట తీసుకెళ్లేవాడు. రంగు, సీట్ల గుడ్డ ఆయనకు పట్టేవి కావు. ముందు సీటు మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. ఆ వ్యాన్లకు ఇంజను సీటు కిందే ఉంటుంది. "మనం వచ్చేటాల్లకే వేడిగున్నదంటె ముందుగాల్నే తిప్పి పెట్టిండ్రన్నట్టు. సల్లగున్నప్పుడే గేర్లు మొరాయిస్తయ్. గది మనకు తెల్వొద్దని" అని నా చెవిలో చెప్పేవాడు. తర్వాత రోడ్డు మీదికి తోలి, మూడో గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీంచి చటుక్కున కాలు తీసేవాడు. గేరు దానంతటది జారి బయటికొస్తే ఇంక బేరం లేదు, తాళాలు తిరిగిచ్చేసేవాడు. "అమ్మెటోని మొకం జూడకు సుజాతా. మొకాలన్ని మంచిగనే ఉంటయ్. గేర్‌బాక్స్ జూడు."

కొన్నేళ్లు ఆయన వ్యానే కిరాయికి నడిపాను. ఆదిబట్ల వైపు కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్లను పొద్దున దింపి, సాయంత్రం ఇళ్లకు చేర్చేదాన్ని. సొంత బండి కొనుక్కుంటానని చెప్పగానే "ఇంకెక్కడికో పోవుడెందుకు? నా తాన ఒకటున్నది, నీకోసమే ఆపిన" అన్నాడు. తెల్ల వ్యాను. ఎక్కి కూర్చుంటే సీటు వేడిగా తగిలింది. నాకోసం కడిగి, తిప్పి సిద్ధంగా పెట్టాడనుకున్నాను.

"ఓసారి తోలి జూస్తవా?" అని అడిగాడు.

"నువ్విచ్చే బండిని నేను జూసుడేందన్నా?"

ఆయన తాళాలు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

వానలు మొదలైన రోజుల్లో, ఔటర్ రింగ్ రోడ్డు వంతెన ఎక్కుతుండగా గేరు జారింది. మళ్లీ వేయబోతే ఏ గేరూ పడలేదు. బండి వెనక్కి పోతుంటే నా బరువంతా బ్రేకు మీద వేశాను. వెనక లారీ ఆగకుండా హారన్ కొడుతోంది. ఆడవాళ్లు కేకలు వేస్తూ తలుపు తీసి దూకారు. వాళ్లలో లక్ష్మమ్మక్క మణికట్టు విరిగింది. "మాకు పిల్లలున్నరు సుజాతా, ఏమనుకోకు" అని ఆ తర్వాత అందరూ వేరే వ్యాను మాట్లాడుకున్నారు.

గేర్‌బాక్స్ విప్పిన మెకానిక్ తన వేళ్లకంటిన జిగట నూనె చూపించాడు. "చప్పుడు రాకుండ గ్రీజు కలిపి పోసిండ్రక్కా. లోపల గేర్ల పండ్లన్ని అరిగిపొయ్యినయ్. తెల్వక చేసిన పని కాదిది."

అటు నుంచి అటే నర్సింహన్న దగ్గరికి వెళ్లాను. అరుగు మీద చాయ్ తాగుతున్నాడు. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయిస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"బండి సంగతి నీకు ముందే తెల్సా అన్నా?"

"తెల్సు."

"మరి నాకే ఎందుకిచ్చినవ్?"

గ్లాసు కింద పెట్టాడు. "బయటోడైతే తోలి జూస్తడు సుజాతా. నువ్వు జూడవని తెల్సు."

గొంతులో కోపం లేదు, సిగ్గూ లేదు. ఎవరికో దారి చెప్పినట్టు చెప్పాడు.

మళ్లీ ఆయనతో మాట్లాడలేదు. ఇంకొకరి బండి నడిపి, కూడబెట్టి, ఇప్పుడున్న వ్యాను కొనుక్కున్నాను. ఆయన పోయినప్పుడు మాత్రం వెళ్లాను. ఎంతమందికి బతుకుతెరువు చూపించాడో అని అక్కడ అందరూ చెప్పుకుంటుంటే కాదనలేకపోయాను. నేను తింటున్న అన్నం కూడా ఆయన నేర్పిన పనితో వచ్చిందే. అది గుర్తొచ్చినప్పుడల్లా ముద్ద చేదెక్కుతుంది.

మొన్న మా చెల్లెలు తన పొలంలో పండిన బియ్యం బస్తా తెచ్చింది. ఆమె ఇంకా చెమట తుడుచుకుంటుండగానే నేను బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి పిడికెడు పైకి తీశాను. పైనున్నవీ అడుగునున్నవీ ఒకటేనా అని వెలుతురులో పట్టి చూస్తున్నాను.

"ఏం జూస్తున్నవక్కా?" అని అడిగింది.

పిడికెడూ మళ్లీ బస్తాలో పోసేశాను. బియ్యం మంచివే. చెల్లెలు మాత్రం మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయింది.