వరద పడవలో నేను ఆడిన బేరం

నా చిన్నప్పుడు యమునలో తిరిగే నాలుగు మోటారు పడవల నోళ్లు ఒక్క బొటనవేలితో మూయించాను. ఢిల్లీ నిండా ఇంతమంది పెద్దవాళ్లున్నారు కదా, పదకొండేళ్లకే అంత పని చేసినవాళ్లని ఒక్కరిని చూపించండి. పైగా అది చెయ్యి జారి చేసింది కాదు. ఆలోచించి, లాభం లెక్క వేసుకుని మరీ చేశాను.

మా నాన్నకు లక్ష్మీనగర్‌లో కిరాణా కొట్టు ఉండేది. తుని వైపు నుంచి వచ్చి, ఢిల్లీ ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లకు చింతపండు, ఇంగువ, ఆవపిండి అమ్మేవాడు. అటు పక్క బట్టల కొట్టు, ఇటు పక్క గిన్నెల కొట్టు. ఆ గల్లాపెట్టెల మధ్యనే పెరిగాను. నాకు నడక కంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ దెప్పేది. బేరంలో మా నాన్న చెప్పే సూత్రం ఒక్కటే. అవతలివాడికి నోరు తెరిచే సందు ఇవ్వకూడదు. మనం ఆపితే వాడు తన ధర చెబుతాడు, ఆపకపోతే అలిసిపోయి మన ధరకు వస్తాడు.

ఈ విద్యను నేను రోజూ పొద్దున్నే ఒక కూరగాయలామె మీద సాన పట్టేదాన్ని. ఆమె యమున ఒడ్డు ఇసుకలో గుడిసె వేసుకుని బెండ, సొర, పుచ్చ పండించేది. తట్ట నెత్తిన పెట్టుకుని మా వీధికి వచ్చేది. "అరే బిటియా, నా మాట విను" అని ఆమె మొదలుపెట్టేలోపు నేను పది మాటలు అనేసేదాన్ని. ఆఖరికి నవ్వేసి, నేను అడిగిన ధరకే ఇచ్చి, గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరు వేసి పోయేది. నేను గెలిచానని కొట్టు ముందు ఎగిరేదాన్ని.

మా పై వాటాలో ఒక అంకుల్ ఉండేవాడు. కాకినాడ మనిషి, సముద్రం మీద పెరిగినవాడు. వరదలప్పుడు జనాన్ని గట్టుకు చేర్చే సర్కారీ పడవ నడపడం ఆయన ఉద్యోగం. ఏడాదిలో పది నెలలు పడవకు రంగులు వేయడం, మోటారు విప్పి బిగించడం. మిగతా రెండు నెలల కోసమే బతుకుతున్నట్టుండేవాడు.

ఆ ఏడు యమున బాగా పొంగింది. ఒడ్డున గుడిసెలన్నీ మునిగాయి. నీళ్లు కొంచెం తగ్గాక, పంపుసెట్టు గదుల కప్పుల మీదా మెరకల మీదా చిక్కుకున్నవాళ్లకు పూరీ పొట్లాలు పంచుతూ, వచ్చేవాళ్లను ఎక్కించుకుంటూ పడవలు తిరిగాయి. నన్ను తీసుకెళ్లమని అంకుల్ వెంట మూడు రోజులు పడ్డాను. ఆయనకు నా సంగతి తెలుసు కాబట్టి నాలుగో రోజు ఓడిపోయాడు.

"ఒక్క ట్రిప్పే అమ్మడూ. రెండో దానికి బేరం ఆడావంటే గట్టు మీదే దింపేత్తాను," అన్నాడు, నారింజ రంగు లైఫ్ జాకెట్ నాకు రెండు చుట్లు తిప్పి కడుతూ.

పడవ కదిలాక చేతి రేడియో చూపించాడు. ఇటుకంత బరువు, పొట్టి యాంటెన్నా, పక్కన ఒక బటన్. అందరూ దాన్ని వైర్లెస్ సెట్ అనేవారు. నొక్కితే మాట్లాడొచ్చు, వదిలితే వినొచ్చు, రెండూ ఒకేసారి కుదరవు. నాలుగు పడవలకీ, గట్టు మీది ఆఫీసుకీ దారి అదొక్కటే. ఒకరు నొక్కి పట్టుకుంటే మిగతావాళ్ల మాట ఎవరికీ చేరదు. అందుకని ముందు ఎవరిని పిలుస్తున్నామో చెప్పాలి, తర్వాత మనమెవరో చెప్పాలి, పని ముక్క చెప్పి వెంటనే వదిలేయాలి. ఇవన్నీ ఆయన ఓపిగ్గా చెబుతుంటే తలూపుతూ పోయాను. కొట్లో సరుకు చూపించే సేల్స్‌మన్‌కు ఊపినట్టు.

ఒక పంపుసెట్టు గది కప్పు మీద ముప్పైమందికి పైగా ఉన్నారు. కదలలేని ఒక ముసలాయన్ని దించడానికి అంకుల్ పైకి ఎక్కుతూ సెట్ నా చేతిలో పెట్టాడు. "ఎవరైనా పిలిస్తే నన్ను కేకెయ్. నువ్వు మాట్టాడకు," అన్నాడు.

ఆయన అటు ఎక్కాడో లేదో సెట్ పలికింది. రెండో నంబర్ పడవకు తర్వాతి ట్రిప్పులో ఇరవై పొట్లాలని ఆఫీసు నుంచి ఎవరో చెప్పారు. రెండో నంబర్ మాదే. కప్పు మీద ముప్పైమంది, వాళ్లకు ఇరవై పొట్లాలా? నాలోని కొట్టు పిల్ల లేచి కూర్చుంది. అంకుల్‌ను పిలవలేదు. బటన్ నొక్కాను.

"అరే భయ్యా, ఇరవై ఏ మూలకొస్తాయి? యాభై ఇవ్వండి," అని హిందీలో అందుకున్నాను. ఇక ఆపలేదు. పిల్లలున్నారన్నాను, ముసలివాళ్లున్నారన్నాను, పక్క పడవకు ఎక్కువ ఇచ్చారట కదా అన్నాను. అది అక్కడికక్కడే పుట్టించిన అబద్ధం. అటునుంచి ఒక్క మాట లేదు. కిక్కురుమనడం లేదు! నా జీవితంలో అంత బాగా సాగిన బేరం లేదు. ఆఫీసాయన లొంగిపోయాడనుకుని యాభైని అరవై చేశాను. బొటనవేలు నొప్పి పుడుతున్నా బటన్ వదలలేదు. నిజం చెప్పాలంటే అప్పటికి ఆ కప్పు మీది వాళ్ల ఆకలి మర్చిపోయాను. యమున మొత్తానికి నా గొంతు వినిపిస్తోందన్న ఆనందమే మిగిలింది.

అంకుల్ కప్పు మీంచి చూసి అరిచాడు. దూకి వచ్చి సెట్ లాక్కున్నాడు. బటన్ వదిలిన మరుక్షణం ఒక మగగొంతు బొంగురుపోయి అరుస్తూ వినిపించింది. నాలుగో నంబర్ పడవ. మోటారు ఫ్యానుకు మునిగిన కంచె తీగ చుట్టుకుంది, వంతెన వైపు కొట్టుకుపోతున్నాం, ఎవరైనా రండి.

అన్ని పడవల్లోకీ దగ్గరున్నది మాదే. మేం వెళ్లేసరికి ఆ పడవ వంతెన స్తంభానికి అప్పటికే కొట్టుకుంది. మనుషులంతా బతికే ఉన్నారు. స్తంభం వైపు కూర్చున్న పిల్లవాడికి దెబ్బ తగలకుండా ఒకామె చెయ్యి అడ్డం పెట్టింది. పడవకూ రాతికీ మధ్య ఆ చెయ్యి నలిగింది. కొంగుతో చుట్టుకుని, అరవకుండా, పళ్లు బిగబట్టి కూర్చుంది. మా కూరగాయలామె.

ఆఫీసులో విచారణ జరిగింది. పిల్ల గొంతు అందరూ విన్నారు. సెట్ ఆ చేతికి ఇచ్చింది నేనే, తప్పు నాదే అన్నాడట అంకుల్. పిల్ల ఎవరని ఎంత అడిగినా చెప్పలేదట. ఆయన్ని పడవ నుంచి తీసేసి స్టోరు గదిలో వేశారు, తాళ్లూ జాకెట్లూ సర్దే పని. ఈ సంగతి మా నాన్నకు చెప్పలేదు. నన్నూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో! తిట్టినవాళ్లకు నేను సమాధానం చెప్పగలను.

పది రోజులకు నేనే ఆయన దగ్గరికి వెళ్లాను. కూరగాయలామెకు చెప్పేస్తానన్నాను. ఏం చెబుతావని అడిగితే, ముప్పైమందికి ఇరవై పొట్లాలే అన్నారు కాబట్టి, వాళ్ల కోసమే కాబట్టి, అని మొదలుపెట్టాను. చివరిదాకా విన్నాడు. 

"ఇదంతా సరుకు అమ్ముకోడమే అమ్మడూ," అన్నాడు. "జరిగింది ఒక్క ముక్కలో చెప్పు. చెప్పి ఊరుకో. ఆవిడ ఏమంటాదో విను. ఏమీ అనకపోతే అదీ విను."

గట్టు మీద టార్పాలిన్ కింద ఉన్నారు గుడిసెలు మునిగినవాళ్లు. ఎవరో తెచ్చిచ్చిన తోటకూరను ఆమె ఎడమచేత్తో కట్టలు కట్టడానికి ప్రయత్నిస్తోంది. కుడిచేతికి కట్టు. రెండు వేళ్లు తీసేశారని దారిలో అంకుల్ చెప్పాడు. దూరంగా ఆగిపోయి, నన్నొక్కదాన్నే పంపాడు. ఆ రోజు బటన్ నొక్కి పట్టుకున్నది నేనేనని చెప్పాను. తర్వాతి మాటలు గొంతుదాకా తోసుకొచ్చాయి. మింగాను.

ఆమె తలెత్తలేదు. కట్ట జారిపోతే మళ్లీ ఏరుకుంది. 

"తెలుసు," అంది. "రోజూ వినే గొంతేగా. మేం కొట్టుకుపోతుంటే పడవలోని సెట్లో నీ బేరమే వినిపించింది. అంతసేపూ."

నేల చూశాను. అంకుల్ లాగే ఈమె కూడా నా పేరు ఎవరికీ చెప్పలేదని అప్పుడు అర్థమైంది.

"అచ్ఛా, చివరికి ఎన్ని ఇచ్చారు బిటియా?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"ఇరవయ్యే," అన్నాను.

ఆమె తలూపి, కట్టలు కట్టడంలో పడిపోయింది. క్షమించాననలేదు, పొమ్మనలేదు. కట్ట కొస పట్టుకుందామని వంగాను. వద్దన్నట్టు పక్కకు జరుపుకుంది. అక్కడే నిలబడ్డాను, అంకుల్ వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా.

ఇప్పుడు నాకు అరవై దాటాయి, ఫరీదాబాద్‌లో ఉంటున్నాను. వారపు సంతలో నా ధర ఒక్కసారి చెబుతాను. చెప్పి ఊరుకుంటాను. ఎదుటి మనిషి చెప్పేదంతా చెప్పేదాకా, ఏమీ చెప్పకపోతే ఆ ఊరుకోవడాన్ని కూడా, వింటూ నిలబడతాను. ఇది నేను మర్యాద కోసం నేర్చుకున్నది. కానీ నా ఖర్మ కాకపోతే, మాట్లాడే ఆంటీలను తట్టుకునే కూరగాయలవాళ్లు మాట్లాడని ఆంటీని తట్టుకోలేరు. కంగారుపడి వాళ్లంతట వాళ్లే తగ్గించేస్తారు. "ఈ ఆంటీజీతో పెట్టుకోకు భయ్యా," అని పక్క బండివాడికి చెబుతారు. మా మనవరాలు "నానీ, క్యా టెక్నిక్ హై!" అని మురిసిపోతుంది. అది ఎక్కడ నేర్చుకున్నానో దానికి ఈ రోజుకీ చెప్పలేదు.

నిజాయితీగా వేస్తే ఆ రోజు బిల్లు ఇలా తేలుతుంది. ఆమెకు కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. అంకుల్‌కు పడవ పోయింది, మళ్లీ ఇవ్వలేదు. కప్పు మీది వాళ్లకు ఒక్క పొట్లం ఎక్కువ రాలేదు. నాకు మాత్రం జీవితాంతం అక్కరకొచ్చే బేరం విద్య దొరికింది. వెల వాళ్లిద్దరూ కట్టారు, సరుకు నేను ఇంటికి తెచ్చుకున్నాను.