దుప్పటోడు కట్టిన ముడి

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చి నుంచి రాగానే గౌను కూడా మార్చుకోకుండా మార్తమ్మ పెద్దమ్మ ఇంటికి పరిగెత్తేవాళ్లం, నేనూ మా చెల్లి చిట్టీ. కోడూరు దగ్గర మా పల్లెలో కేబుల్ ఉన్న ఇల్లు అదొక్కటే. పెద్దమ్మ మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. రొయ్యలు బాగా వచ్చిన ఏడు వాళ్లబ్బాయి కలర్ టీవీ కొన్నాడు. ఇక మా మకాం అక్కడే.

మేం చూసేది ఒక బొమ్మల సీరియల్. పచ్చ దుప్పటి కప్పుకొని గాల్లో ఎగిరే వీరుడు... అంతా ఇంగ్లీషే, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆయన పేరేమిటో కూడా తెలియక మేం దుప్పటోడు అనేవాళ్లం.

బొమ్మలే కదా అని పెద్దవాళ్లు ధీమాగా ఉండేవారు. అందులో ఏం చూపిస్తున్నారో వాళ్లకేం తెలుసు... ఒకసారి ఒక ముసలాయన నవ్వుతూ నవ్వుతూనే తన మొహాన్ని చొక్కా విప్పినట్టు విప్పేశాడు. లోపల కళ్లు లేవు, నోరు లేదు. చిట్టి వారం రోజులు దొడ్లోకి ఒంటరిగా వెళ్లలేదు. నేను పెద్దదాన్ని కాబట్టి భయం లేనట్టు నటిస్తూ తోడు వెళ్లేదాన్ని. నిజానికి నాకూ వణుకే.

పెద్దమ్మ మాత్రం ఎప్పుడూ టీవీకి వీపు పెట్టి గుమ్మంలో కూర్చునేది, చేటలో బియ్యం ఏరుకుంటూ.

ఆ ఆదివారం టీవీలో సముద్రం లేచింది... దుప్పటోడి ఊరి మీదకి, మేడల కంటే ఎత్తున, నల్లగా. మా ఊరి పిల్లలకు ఉప్పెన గురించి ఒకరు చెప్పక్కర్లేదు. మేం పుట్టకముందు వచ్చిందే అయినా, ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అందులో పోయినవాళ్లే.

దుప్పటోడి చేతుల్లో ఒక చిన్న పాప ఉంది. అవతల ఇంకో మేడ కూలుతోంది, జనం కేకలు వేస్తున్నారు. ఏం చెయ్యాలో తోచక ఆయన ఆ పాపను ఒక దీపస్తంభానికి ఆనించి, తన దుప్పటితో కట్టేసి, అటు ఎగిరిపోయాడు. తిరిగొచ్చేసరికి స్తంభానికి దుప్పటి ఉంది. ముడి కూడా వేసినట్టే ఉంది. పాప లేదు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

వెనక్కి తిరిగితే పెద్దమ్మ టీవీ వైపే చూస్తోంది. ఎప్పుడు ఇటు తిరిగిందో మాకు తెలియదు. ఒళ్లో చేట ఒరిగిపోయి బియ్యం నేల మీద పడుతున్నా చూసుకోలేదు.

ఆ వారంలోనే గాలివానకి కేబుల్ వైరు తెగిపోయింది. బాగుచేసేసరికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత ఆ సీరియల్ మాకు మళ్లీ కనపడలేదు.

పిల్లలం కదా, చూసింది ఆడకుండా ఉంటామా... ఒక సాయంత్రం పెద్దమ్మ దొడ్లో తాడిచెట్టుకి చిట్టిని నిలబెట్టి, దండెం మీద ఆరేసిన ఆవిడ చీరతోనే కట్టేశాను. నేను దుప్పటోణ్ణన్నమాట. చేతులు చాపి చుట్టూ తిరుగుతుంటే పెద్దమ్మ బిందెతో వచ్చింది. వీపు చిట్లగొడుతుందనుకున్నాను. బిందె దించి, ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడి రావడం లేదు. నేను సాయం చెయ్యబోతే తోసేసింది.

చిట్టి బయటపడ్డాక, ఆ చీర పట్టుకుని అక్కడే కూలబడింది.

"మా సువార్తని కూడా ఇట్టాగే కట్టానే, ఆ పక్క తాడికి. మూడేళ్లు దానికి. పసోణ్ణి చంకనేసుకుని నేను ఈ చెట్టు పట్టుకున్నాను. నీళ్లు తీశాక చూస్తే చీర ఉంది... ముడి కూడా ఊడలా."

పెద్దమ్మకి ఒక కూతురుండేదని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ నా వైపు తిరిగి అడిగింది.

"ఆ టీవీలో పిల్ల... దొరికిందా?"

నేను తర్వాతి భాగం చూడలేదు. కానీ ఆ మొహం చూస్తూ తెలియదనడానికి నోరు రాలేదు. దొరికింది పెద్దమ్మా అన్నాను. ప్రాణంతోనేనా అని అడుగుతుందనుకోలేదు. అడిగింది. తల ఊపాను.

ఉప్పెన వచ్చిన రోజున ఏటా మా చర్చిలో పోయినవాళ్ల పేర్లు చదివి ప్రార్థన చేస్తారు. ఎవరింటి పేర్లు వాళ్లే ముందుగా పాస్టరుగారికి రాసివ్వాలి. పెద్దమ్మ అత్తమామల పేర్లు ఇచ్చేది గానీ, శవాన్ని కళ్లజూడలేదంటూ కూతురి పేరు ఎన్నడూ ఇవ్వలేదట. ఆ ఏడు, ఇరవై ఏళ్లు దాటాక, మనసు రాయి చేసుకుని ఇచ్చింది. నేను తల ఊపిన మర్నాడే వెళ్లి ఆ కాగితం వెనక్కి తెచ్చేసుకుంది. పాస్టరుగారు ఎందుకమ్మా అంటే, ఏమోనండీ, ఎక్కడైనా ఉందేమో అందట.

అన్నం తింటూ మా అమ్మ ఈ సంగతి నాన్నకి చెబుతుంటే విన్నాను. అయినా నిజం చెప్పలేదు... అప్పుడూ, ఆ తర్వాతా.

పెద్దమ్మ ఇంకో పదేళ్లకు పైనే బతికింది. గాజులమ్మే మనిషి వచ్చినా, నాట్లకి పైఊరి ఆడవాళ్లు వచ్చినా, వయసు సరిపోయేలా ఉంటే చాలు, మీదే ఊరమ్మా, మీ అమ్మానాన్నా ఎవరమ్మా అని అడిగేది. అలా అడిగిన ప్రతిసారీ నేను తల దించుకునేదాన్ని. ఆవిడ పోయాక వాళ్లబ్బాయి తల్లి పేరూ అక్క పేరూ ఒకే కాగితం మీద పాస్టరుగారికి రాసిచ్చాడు.

పోయిన నెల ఫోన్‌లో పచ్చ దుప్పటి బొమ్మల వీరుడని వెతికితే ఆ సీరియల్ మొత్తం దొరికింది. ఇప్పుడు కరెంటు పోవడాలు, వైరు తెగడాలు లేవు కదా... తర్వాతి భాగం పెట్టాను. దుప్పటోడు కొత్త దుప్పటి కప్పుకొని వేరే ఊళ్లో వేరే దొంగతో కొట్లాడుతున్నాడు. ఆ పాప ఊసే లేదు. ఆ తర్వాతదీ చూశాను, ఆఖరి దాకా చూశాను. ఆ పిల్ల ఏమైందని ఆ సీరియల్లో ఒక్కరూ అడగలేదు. అడిగింది మా పెద్దమ్మ ఒక్కతే.

మీ చిన్నప్పుడు కూడా అలా భయపెట్టి, సగంలో ఆగిపోయిన కథ ఏదైనా ఉంటే కింద రాయండి... ఆ తర్వాత ఏమైందో తెలియకపోతే, తెలియదనే రాయండి.