ఒకే దూరంలో రెండు ముఖాలు

ఉత్తర ధ్రువం వైపున్న సెన్యా దీవి రేవులో ఫొటో స్టూడియో నడిపేది ఎల్‌డ్రిడ్. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. ఆయన పోయాక పెళ్లిళ్లూ, కొత్త పడవలూ, బడిపిల్లల వరసలూ ఆమె ఒక్కతే తీసింది. లెన్సులో వెలుతురు దూరే కన్నం కొలత చెప్పే అంకెలు చూసి జాలర్లు ఆటపట్టించేవారు.

"అంకె చిన్నదైతే కన్నం పెద్దదా? అంతా తలకిందులేనమ్మా నీ దగ్గర."

"లెన్సు ఫోకస్ దూరంలో కన్నం వెడల్పు ఎన్నో వంతో చెప్పే అంకె అది. సగం రొట్టె పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా?" అనేది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన పదేళ్లకు, ఒక డిసెంబరులో, పక్క దీవి నుంచి సిగ్రూన్ కబురు పంపింది. తన అమ్మమ్మ ఊలీనెకు ఊపిరి అందడం లేదు, తన నెలల పాపతో కలిపి ఒక్క ఫొటో కావాలని.

వెళ్లే దారిలో ఓ కెరటం ఎల్‌డ్రిడ్ పడవలోకి దూకింది. కోటు లోపలున్న కెమెరా దక్కింది కానీ, ఫ్లాష్ పెట్టె తడిసి పాడైపోయింది. సూర్యుడు మొహం చూపని నెల. మిట్టమధ్యాహ్నమే అయినా ఆ గదిలో కిటికీలోంచి కాస్త నీలి వెలుతురు, ఒక కిరసనాయిలు దీపం, అంతే.

దిండ్లకు ఆనుకున్న ఊలీనె ఒళ్లో పాపను పెట్టారు. ఎల్‌డ్రిడ్ స్టాండు మీద కెమెరా బిగించి చూసింది. అంకె రెండుకు తిప్పి కన్నం పూర్తిగా తెరిస్తే వెలుతురు చాలుతుంది, కానీ ముసలామె ముఖం తేటగా వస్తే ముందున్న పాప మసకబారుతుంది. ఎనిమిదికి కుదిస్తే ఇద్దరూ తేటగా వస్తారు, కానీ షటరు సెకనుసేపు తెరిచి ఉంచాలి, ఆలోపు ఎవరు కదిలినా బొమ్మ చెదిరిపోతుంది. పాప కాళ్లు తన్నుతూనే ఉంది.

"నొక్కక్కా. ఆవిడ కూర్చోలేకపోతోంది," అంది సిగ్రూన్.

"కాస్త ఆగు."

"ఆగేంత ఊపిరి ఉందా ఆవిడకి?"

ఊలీనె కళ్లు తెరిచింది. "ఎల్‌డ్రిడ్ మీద అరవకే. నేనింకా ఇక్కడే ఉన్నాను."

ఆ మాట పూర్తయ్యేలోపే దగ్గు ముంచుకొచ్చింది. దగ్గు తెరిపి ఇవ్వగానే ఎల్‌డ్రిడ్ కన్నం పూర్తిగా తెరిచేసింది.

"పాపను పైకెత్తు. ఆవిడ చెంపకి చెంప ఆనించు. నాకు ఇద్దరి కళ్లూ ఒకే దూరంలో ఉండాలి."

సిగ్రూన్ దిండ్ల వెనక నుంచి చేతులు చాచి పాపను పట్టుకుంది. ముసలామె వెచ్చటి చెంప తగలగానే పాప తన్నడం ఆపింది. ఎల్‌డ్రిడ్ రెండుసార్లు నొక్కింది. మూడోసారికి మళ్లీ దగ్గు వచ్చింది, ఊలీనెను పడుకోబెట్టేశారు.

ఒక ఫొటో కదిలిపోయింది. రెండోదాంట్లో నాలుగు కళ్లూ తేటగా ఉన్నాయి. శాలువా, దిండ్లు, సిగ్రూన్ చేతులు పొగమంచులా కరిగిపోయాయి.

క్రిస్మస్ వారంలో ఊలీనె పోయింది. ఫొటో కోసం వచ్చిన సిగ్రూన్ దాన్ని చాలాసేపు చూసింది.

"ఆ అంచు కత్తిరించమంటావా? నీ చేతులు మసగ్గా వచ్చాయి," అంది ఎల్‌డ్రిడ్.

"ఉండనీ. ఈ మసకలో అవి ఎంత వణికాయో ఎవరికీ తెలియదు."