తేలు గుర్తు ఇటుక

రాయచూరులో పాత ఇల్లు ఏది విప్పినా మేస్త్రీలు ముందు ఇటుకను తిప్పి చూస్తారు. నడుమ గుంటలో తేలు గుర్తు కనబడితే దాన్ని పక్కన పేర్చుకుంటారు, ఇంకో గోడకు పనికొస్తుందని. గిల్లేసూగూరు దారిలోని సుంకప్ప బట్టీలో కాలిన ఇటుక అది. అక్కడి నేలలో తేళ్ళు ఎక్కువ. ఇటుక మీద తేలును అచ్చొత్తితే నిజం తేలు ఆ కుప్పలో దూరదని కూలీల నమ్మకం. సుంకప్ప ఆ మాట నమ్మాడో లేదో గానీ కూలీల కోసం చెక్క అచ్చులో తేలును చెక్కించాడు. ఊరు దాన్ని తేలు ఇటుక అంది. ఆయన పోయాక కూడా అదే పేరు.

బట్టీ కూతురు రామాబాయి చేతికి వచ్చింది. పెళ్ళయిన కొద్దికాలానికే మొగుడు పోయి పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. బట్టీ పొగలోనే ఆమెకు నలభై దాటింది. మాట తక్కువ, చూపు ఎక్కువ.

శక్తినగర్‌లో బొగ్గుతో కరెంటు పుట్టడం మొదలయ్యాక బూడిద కూడా పుట్టింది. ఏళ్ళు గడిచేకొద్దీ అది గుట్టలయింది. కాంట్రాక్టర్లు మట్టి ఇటుకను వదిలి "బూడిద ఇటుక ఉందా?" అని అడగసాగారు. చెరువు మట్టి తవ్వుకోవడానికి వంద అడ్డంకులు. రామాబాయి కూర్చుని ఏడవలేదు. బూడిదను ఒత్తి ఇటుక చేసే యంత్రం తెప్పించాలనుకుంది. ఇక్కడివాళ్ళు చెప్పిన ధర ఆమెకు అందలేదు. చైనాలో చవగ్గా చేస్తారని విని, స్టేషన్ రోడ్డులో జయతీర్థ పెట్టుకున్న నెట్ సెంటర్ మెట్లెక్కింది.

జయతీర్థ తంతి ఆఫీసులో పనిచేసి రిటైరయిన మనిషి. ఆమె తెలుగులో చెబితే ఆయన ఇంగ్లీషులో టైపు కొట్టేవాడు. జవాబులు కుప్పలుగా వచ్చాయి. అందరూ మేమే తయారుచేస్తామన్నవాళ్ళే.

"ఎంత బాగున్నదో చూడమ్మా మిషను, పెండ్లికొడుకు లెక్క," అన్నాడు ఆయన తెర చూపిస్తూ.

"ఫోటో ఎవడన్న పంపుతడు స్వామీ. వాళ్ళ కార్ఖానా కాంపౌండు గోడ ఫోటో పంపమనుండ్రి."

"గోడ ఎందుకే తల్లీ?"

"ఇటుకల మిషను చేసేటోడు తన గోడకు ఏ ఇటుక కట్టుకున్నడో చూడాలె. ఆ గోడ లేదంటే వాడు నడుమ దళారి."

చాలామంది ఆ తర్వాత జవాబే ఇవ్వలేదు. ఒకడు అద్దాల మేడ పంపాడు. ఒక్క ఫ్యాక్టరీ నుంచి మాత్రం లిన్ అనే అమ్మాయి ఒక బూడిదరంగు గోడను పంపింది. గోడ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి, కింద క్యాబేజీ మడి. రామాబాయి తెరకు మొహం ఆనించి ఇటుకల సందులు చూసింది. "గిదే," అంది.

ఏ కొలత ఇటుక కావాలో నమూనా పంపమని లిన్ అడిగింది. తండ్రి చేతి మీదుగా కాలిన చివరి బట్టీలోంచి ఒక ఇటుక ఏరి, పత్తిలో చుట్టి, గోనెలో కుట్టి కొరియర్‌లో పంపింది రామాబాయి. "ఇటుకను విమానం ఎక్కించిన దానివి నువ్వొక్కదానివేనమ్మా," అని జయతీర్థ నవ్వాడు.

బేరం కుదిరింది. కానీ విదేశం నుంచి సరుకు తెప్పించాలంటే దిగుమతి లైసెన్సు నంబరు కావాలి, బ్యాంకులో పరపతి కావాలి. ఆ రెండూ ధర్మతేజకు ఉన్నాయి. జవళగేరలో కాలువ కింద వరి పండించే కోస్తా కుటుంబం వాళ్ళది. అతను పొలం వదిలి రాయచూరులో దుకాణం తెరిచి, వరి మిల్లులకు చైనా నుంచి రబ్బరు రోలర్లు తెప్పించేవాడు. "పేరు నాది, మిషను మీదండీ అక్కా," అన్నాడు. రెండేళ్ళుగా ఏరి తెచ్చిన వివరాలన్నీ, లిన్ పేరుతో సహా, రామాబాయి అతని బల్ల మీద పెట్టింది.

ఆ యంత్రం కోసం శక్తినగర్ దగ్గర ధర్మతేజ సొంతంగా షెడ్డు లేపుతున్నాడని మేస్త్రీ చెన్నప్ప చెప్పేదాకా ఆమెకు అనుమానం రాలేదు. నేరుగా దుకాణానికి పోయింది. అతను కాఫీ తెప్పించాడు.

"మీరు ఊరికే కంగారు పడతారక్కా. సరుకు ఎవరి పేరున వస్తే వాళ్ళదే గదండీ."

"ఎతికింది నేను తమ్మీ."

"వెతికారు. కాదన్నానా? వెతకడం వేరు, తెప్పించడం వేరు. అయినా ఆడవాళ్ళు, మీకెందుకండీ ఈ చైనా తలనొప్పి? బట్టీ ఎలాగూ ఆరిపోతోంది. మీ కూలీలను పంపండి, నేను పనిస్తాను."

రామాబాయి కాఫీ మొత్తం తాగి, గ్లాసు బోర్లించి లేచింది. బట్టీలో నిప్పు పైకి కనబడదు. పైన బూడిద పరిచి లోపల మండిస్తారు. ఆ రోజు నుంచి ఆమె అట్లాగే మండింది. గుడికి పోయినా వాడి పేరే, అన్నం కలిపినా వాడి మొహమే.

అట్లాంటి రోజుల్లో లిన్ ఉత్తరం వచ్చింది. పాత అలవాటు కొద్దీ ఆ పిల్ల రామాబాయికే రాసింది. జయతీర్థ కబురంపి పిలిపించి చదివాడు: "మీ నమూనా ఇటుకలో ఒక పురుగు బొమ్మ ఉంది. ధర్మతేజ గారిని అడిగితే అన్నీ నమూనా ప్రకారమే చేయమన్నారు. అచ్చులన్నిటికీ ఆ పురుగు కావాలా?"

ధర్మతేజ తేలు ఇటుకను ఎన్నడూ తిప్పి చూడలేదు. వరి గింజను కొరికి రకం చెప్పగలవాడికి ఇటుక అంటే ఇటుకే.

"ఏం రాయమంటవమ్మా? ఆర్డరు ఆయనది గదా," అన్నాడు జయతీర్థ.

"తేలు ఎవ్వలిది స్వామీ?"

ఆయన మళ్ళీ తెర వైపు తిరిగాడు.

"కావాలని రాయుండ్రి. కొండి మంచిగ పైకి లేపి. లోతుగ. అరగకుండ."

ఆయన కళ్ళజోడు సర్దుకుని టైపు కొట్టాడు. ఆమె బయటికొచ్చి, చాలారోజుల తర్వాత, మిరపకాయ బజ్జీలు కొనుక్కుని తిన్నది.

యంత్రం ఓడెక్కి, చెన్నై రేవులో దిగి, లారీ మీద శక్తినగర్ చేరింది. పూజకు ధర్మతేజ ఊరందరినీ పిలిచాడు. రామాబాయిని కూడా పిలిచాడు, పెద్దమనసు చూపించుకోవడానికి. ఆమె జరీ అంచు చీర కట్టుకుని ముందు వరసలో నిలబడింది. కొబ్బరికాయ కొట్టారు, యంత్రం గుర్రుమంది, మొదటి ఇటుక జారి వచ్చింది. చెన్నప్ప అలవాటుగా దాన్ని తిప్పాడు.

"అరె! ఇది సుంకప్ప తేలు గదా!"

జనం మీద పడి చూశారు. రెండో ఇటుక, మూడో ఇటుక. ప్రతి దాంట్లో తేలే. కొండి ఎత్తుకుని, ఎప్పటికంటే స్పష్టంగా. ధర్మతేజ చేతిలో హారతి పళ్ళెం అట్లాగే ఆగింది.

రామాబాయి దగ్గరికొచ్చి హారతి కళ్ళకద్దుకుంది. "సంతోషం తమ్మీ. మా నాయిన నీ ఇంట్ల పుట్టిండు," అంది అందరికీ వినబడేటట్టు. షెడ్డంతా గొల్లున నవ్వింది.

అతను అచ్చుపలకలను లేతు మిషను షాపుకు పంపి తేళ్ళను గీకించబోయాడు. మొదటిదే పగిలింది. మిగిలినవి ముట్టుకోవడానికి భయపడ్డాడు. కొత్తవి రావాలంటే నెలలు. నాలుగు రోజులు మొహం చాటేసి, అయిదో రోజు వ్యాపారి బుద్ధితో లేచాడు. మేస్త్రీలు తేలును చూసి అడక్కుండానే కొంటున్నారు గదా! "సుంకప్ప గారి తేలు ఇటుకేనండీ, ఇప్పుడు మిషను మీద చేస్తున్నాం," అని చెప్పి అమ్మసాగాడు. గిరాకీ పెరిగింది. వారాల తరబడి నీళ్ళు తాగి గట్టిపడాల్సిన ఇటుక, తడి ఆరకముందే లారీ ఎక్కింది.

వానలు పడ్డాయి. ఇడపనూరు నుంచి తాయమ్మ అనే ముసలామె బస్సు దిగి, కొంగులో ఒక ఇటుక మూటగట్టుకుని రామాబాయి గడపలోకి వచ్చింది. కూర్చోలేదు. ఇటుకను రెండు చేతులతో నలిపింది. అది పుట్నాల పిండిలా రాలింది.

"కొట్టం గోడ కూలింది. బర్రె కాలు ఇరిగింది. మా మామ నీ నాయిన ఇటుకల తోని ఇల్లు కట్టిండు, ఇంకా నిలబడే ఉన్నది. నువ్వేందే గిట్ల చేసినవ్?"

"నేను చెయ్యలె తాయమ్మా."

"మరి తేలు ఎవ్వలిది?"

రామాబాయి రాలిన పొడి వైపు చూసింది. కొండి లేపమన్నది తను. లోతుగా, అరగకుండా అన్నది తను. వాణ్ని కుట్టాల్సిన తేలు పోయి తండ్రి పేరును కుట్టింది. ముసలామె వెళ్ళాక నేల మీది పొడిని చేత్తో ఎత్తి, చాలాసేపు పట్టుకుని కూర్చుంది. పగ ఇంకా చల్లారలేదు. పదునెక్కింది.

సుంకప్ప బట్టీలో ఒక రివాజు ఉండేది. లారీ నిండే ముందు యజమానే సుత్తి పట్టి ఇటుకలను తట్టేవాడు. ఖంగున మోగనిది అక్కడే, కొనేవాడి కళ్ళ ముందే పగిలిపోయేది. మరునాడు పొద్దున రామాబాయి ఆ సుత్తి తీసుకుని ధర్మతేజ షెడ్డుకు పోయింది. లారీలు నింపుతున్నారు, కొనేవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆమె మొదటి వరస దగ్గర కూర్చుని తట్టడం మొదలుపెట్టింది. తట్టింది, పగలగొట్టింది. తట్టింది, పగలగొట్టింది.

ధర్మతేజ పరుగెత్తుకొచ్చాడు. "ఏవిటండీ ఈ దౌర్జన్యం? నా సరుకు మీద చెయ్యేస్తారా?"

"నీ సరుకా? నిన్నటిదాంక ఎవ్వలి ఇటుక అని అమ్మినవ్ తమ్మీ?"

కొనేవాళ్ళు అతని వైపు తిరిగారు.

"చెప్పు. సుంకప్పది గాదని చెప్పు, సుత్తి కింద పెట్టి పోత. ఆయనదే అంటవా, ఆయన బట్టీల పచ్చి ఇటుక బయటికి పోదు."

ధర్మతేజ లారీల వైపు చూశాడు. అవునన్నా నష్టమే, కాదన్నా నష్టమే. ఒక లారీ ఖాళీగానే వెనక్కి తిరిగింది. దాని వెనక ఇంకొకటి.

ఆమె మరునాడు పోయింది, ఆ మరునాడు పోయింది. పోలీసులను పిలుస్తానన్నాడు, "పిలువు, ఆళ్ళ ముంగట గూడ చెప్పు ఎవ్వలి ఇటుకనో," అంది. మేస్త్రీలు ఆ షెడ్డు వైపు చూడడం మానేశారు. చివరికి ధర్మతేజ ఆమె ఇంటికొచ్చాడు. ఈసారి చెప్పులు బయటే విడిచాడు.

"మిషను మీరే తీసుకోండక్కా. నేను పెట్టింది ఇస్తే చాలు. జవళగేర పోయి పొలం చూసుకుంటాను."

ఎన్నాళ్ళుగానో కలగన్న యంత్రం. రామాబాయి గుండె ఒకసారి ఎగిరింది. కానీ మొహంలో ఏమీ కదలనివ్వలేదు.

"తీసుకుంట. కానీ ముందు ఇడపనూర్ల తాయమ్మ గోడ కట్టాలె."

"అదెంతండీ, మేస్త్రీని పంపిస్తాను."

"మేస్త్రీ గాదు. నువ్వు. నీ చేతుల తోని. ఊరోళ్ళు అడిగితే, పచ్చి ఇటుక అమ్మింది నేనని చెప్పుకుంట కట్టాలె."

ఇడపనూరులో ఆ రోజు పొలాలకు ఎవరూ పోలేదు. ధర్మతేజ ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఇటుక మీద ఇటుక పెట్టాడు. తన బట్టీ నుంచి రామాబాయే ఎర్ర ఇటుకలు తోలించింది. అడిగినవాడికల్లా అతను చెప్పాల్సింది చెప్పాడు, మొదట గొణిగి, తర్వాత గట్టిగా. "దొరా, సున్నమది, వెన్నపూస అనుకున్నవా? గట్టిగ ఎయ్యి," అంటూ చెన్నప్ప ఎగతాళి చేశాడు. గుంజకు కట్టిన కుంటి బర్రె నెమరువేస్తూ చూసింది. రామాబాయి వేపచెట్టు నీడలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. రెప్ప వేయలేదు. అతని వేళ్ళు ఒరుసుకుపోయి ఎర్రబడితే, ఆ ఎరుపును కూడా చూసింది.

పొద్దు వాలేసరికి గోడ భుజాలెత్తు లేచింది. ధర్మతేజ తాపీ కింద పెట్టి, నడుం పట్టుకుని లేచి, ఆమె వైపు తిరిగాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. "అయిపోయిందక్కా," అన్నాడు.

ఆమె లేచి గోడ దగ్గరికి నడిచింది. గోడ నిలువు చూసే దారం గుండును చెన్నప్ప చేతిలోంచి తీసుకుని పైనుంచి వదిలింది. గోడ నడుమ చిటికెన వేలంత ఒరిగి ఉంది.

"పోనియ్యమ్మా, కొట్టం గోడనే గదా," అన్నాడు చెన్నప్ప మెల్లగా. తాయమ్మ కూడా, "చాలు తీయే బిడ్డా, పిలగాడు చచ్చేటట్టున్నడు," అంది.

రామాబాయి ఇద్దరి వైపూ చూడలేదు. దారం చుట్టి చెన్నప్ప చేతిలో పెట్టి, మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

"విప్పు తమ్మీ," అంది. "మొదటి వరస నుంచి."