కొంగుముడిలో దారప్పోగులు

చొక్కాకు వేలాడే దారం తెంపితే ఈనాటికీ కింద పడేయను, జేబులో వేసుకుంటాను. ఆ అలవాటు నడికుడిలో రైలెక్కిన ఒక ముసలామె నాకు పెట్టిపోయింది.

ఆమె నా ఎదుటి సీట్లో కూర్చుని, ఒళ్లో చేపల వల పరుచుకుని చిరుగులు కుడుతోంది. పంటితో కొరికిన ప్రతి నైలాన్ కొసనీ కొంగుముడి విప్పి అందులో వేసుకుంటోంది.

"కిటికీ పక్కనే ఉందిగా అవ్వా, పారేయరాదూ?" అన్నాను.

"నూలు వలలప్పుడు కొరికి ఏట్లోనే ఊసేవాళ్లం నాయనా. అది కుళ్లి నీళ్లల్లో కలిసిపోయేది. నైలాన్ వచ్చినాక కూడా ఆ అలవాటు పోలా. ఇదేమో కుళ్లదు, చిట్లి చిట్లి నలుసులైపోద్ది. చేపపిల్లలు నాచనుకొని మింగుతన్నయ్. కోసి చూస్తే కడుపులో తిండి లేదు, మా దారమే ఉంది."

ఇంకో కొస కొరికి ముడిలో వేసుకుంటూ, "పడవ మీద దప్పికైతే దోసిట్లో ముంచుకొని తాగేదాన్ని. చానా తియ్యగా ఉండేయి ఆ నీళ్లు" అంది.

రైలు కృష్ణ వంతెన మీదికి వచ్చింది. ఆమె వల పక్కన పెట్టి, కిటికీ ఊచల్లోంచి ఒక చెయ్యి బయటికి చాచింది, నీళ్లు అందుతాయన్నట్టు అరచెయ్యి గుంటగా పట్టి. గాలికి చీర రెపరెపలాడుతున్నా, రెండో చెయ్యి మాత్రం కొంగుముడిని వదల్లేదు.